తలగడ మీద వేసిన నింద

మా ఇంట్లో మెడ ఒకటే ఉండేది. అది మా ఆయనది.

ఆయన పేరు సన్యాసిరావు. స్టీల్ ప్లాంటులో ఓవర్‌హెడ్ క్రేన్ నడుపుతాడు. పైన గాజు కేబిన్లో కూర్చొని, షిఫ్టంతా మెడ కిందకి వంచి, ఎర్రగా కాలిన ఇనప దిమ్మల్ని చూసుకుంటా లివర్లు తిప్పడం ఆయన పని. కష్టమైన పనే, నాను కాదనను. కానీ ఆ మెడ నొప్పికి మా ఉక్కునగరం క్వార్టర్లో జరిగిన సేవ సింహాచలం కొండ మీద అప్పన్నకి కూడా జరిగుండదు. ఒకపూట వేన్నీళ్ళ కాపడం, ఒకపూట వేడి ఉప్పు మూట. అది కాక రోజూ డ్యూటీ నించి రాగానే, నువ్వుల నూనెలో కర్పూరం వేసి వెచ్చబెట్టి నాను చేసే మర్దన. ఆయన కింద పీట మీద, నాను వెనక కుర్చీలో. "ఇంకొంచెం కిందకి. అక్కడ కాదే. అబ్బ, అదీ!" ఆయన కళ్ళు మూతలు పడేదాకా పట్టాల.

అది చాలక అప్పుడప్పుడూ గాజువాకలో సెలూనుకి పోయేవాడు. అక్కడ తల పట్టించుకొని, ఆఖర్న మెడ అటొకసారి ఇటొకసారి టక్కుమని విరిపించుకొని వచ్చేవాడు. "సగం పేనం లేసొచ్చినాదే పైడీ" అని సంబరపడిపోయేవాడు.

పైడి అంటే నాను, పైడమ్మ. పదో తరగతి దాకా చదివేను. మగ్గం పని చేస్తాను. పెళ్ళి జాకెట్ల మీద జరీ, పూసలు, కుందన్లు కుడతాను. నాలుగు కర్రల మధ్య బట్ట బిగించి, దాని మీదకి వంగి, కొక్కెం ఉన్న సూదితో ఒక్కో పూసా ఎక్కించాల. మెడ వంచే పనే నాదీ. కాకపోతే ఆయనకి షిఫ్టు అయిపోతే కేబిన్ దిగిపోడం ఉంది. నాను మగ్గం ముందర్నించి లేస్తే పొయ్యి ముందర నిలబడాల.

ఇప్పుడు బాగానే ఉన్నాను గనక ఇదంతా రాస్తన్నాను. బాగోనప్పుడు రాద్దామంటే పెన్ను పట్టుకోడానికి చెయ్యి సాగలేదు.

కిందటేడు ఎండాకాలంలో మొదలైంది. సాయంకాలం అయ్యేసరికి మెడ వెనక కండలు కట్టెల్లాగ బిగిసిపోయేవి. అక్కణ్ణించి నొప్పి పైకెక్కి, చెవుల మీదగా నుదుటికి వచ్చి, తలకి తాడు చుట్టి ఎవరో వెనకనించి బిగిస్తన్నట్టు ఉండేది. వెలుతురు చూళ్ళేను. పక్కింటోళ్ళ మిక్సీ మోగితే ఏడుపొచ్చేది. ఒకరోజు తట్టుకోలేక "అత్తా, తల పగిలిపోతందే" అన్నాను.

మా అత్త తోటకూర తుంచుతంది. తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"పగిలితే కనపడతాది కదేటి. నాకేటీ కనపడ్డం నేదు."

మా అత్తకి డెబ్బై దాటేయి గానీ నోరు మాత్రం నిన్నే సాన పట్టించినట్టు ఉంటాది. "నాను సేలల్లో ఊడుపులూడ్సినదాన్ని, ఎరువు తట్టలు మోసినదాన్ని. నాకు రాని తలనొప్పి, నీడపట్టున కూకోని పూసలు గుచ్చేదానికి వచ్చినాదా? పూసలేటంత బరువా?" అంది. నిజం చెప్పాలంటే ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఇంకా ఎక్కువ నొప్పెట్టింది.

ఒకరోజు మా ఆయనకి మర్దన అయిపోయేక, సిగ్గు విడిచి అడిగేను. "నాకూ ఓ పాలి పట్టయ్యా. మెడ దగ్గర మాత్రం." పాపం, ఆయన చెయ్యి వేసేడు కూడా. ఇంకా నొక్కనైనా లేదు, లోపల్నించి మా అత్త కేక.

"ఒరే! మొగోడు పెళ్ళాం తల పడతాడేటి? ఆయుస్సు తగ్గిపోద్దిరా!"

కాలిన పెనం మీద చెయ్యి పడ్డట్టు ఆయన చెయ్యి తీసేసేడు. బామ్ డబ్బా నా ఒళ్ళోకి విసిరి టీవీ పెట్టుకున్నాడు. మా అత్తోళ్ళ వైపు ఆ పట్టింపు ఉన్నమాట నిజమే. మొగుడి మెడ పెళ్ళాం పట్టొచ్చు, ఎంతసేపైనా పట్టొచ్చు. పెళ్ళాం మెడ మొగుడు ముట్టుకుంటే మాత్రం వాడి ఆయుష్షు కారిపోద్దంట. ఎవరు పెట్టేరో గానీ తెలివైనోడే పెట్టేడు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాల. మా ఆయన మెడకి మెత్తగా ఉండాలని రెండు తలగడలు పెట్టుకొని పడుకునేవాడు. ఆ రెండోది నాది. నాను పాత చీర మడతపెట్టి తల కింద వేసుకునేదాన్ని. ఈ మాట మర్చిపోకండి.

ఆషాఢం వచ్చింది. శ్రావణంలో పెళ్ళిళ్ళు, జాకెట్లన్నీ అప్పుడే కావాల. గాజువాక నించి ఒకావిడ కూతురి పెళ్ళికి ఎర్ర పట్టు జాకెట్ ఇచ్చింది, చేతుల నిండా నెమళ్ళు కావాలంది. మాత్ర మింగడం, వంగడం, మళ్ళీ మాత్ర మింగడం. నెమళ్ళకి తోకలు వచ్చేసరికి నాకు కళ్ళ ముందర మిణుగురులొచ్చేయి.

ఆ ఆదివారం మా ఆయన దోస్తు రమణ భోజనానికి వచ్చేడు. అతనూ క్రేనే. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు బావా అనుకుంటారు. నాను తలకి తువ్వాలు గట్టిగా కట్టుకొని కోడికూర వడ్డిస్తన్నాను. రమణ చూసి, "ఏటి బావా, సెల్లికి తలనొప్పా?" అన్నాడు.

"ఆడోలు సెలూనుకి ఎల్లరు కదా బావా, అదే దీని రోగం" అన్నాడు మా ఆయన. అంటానే ఆయన ముఖం వెలిగింది. "ఒసే, ఇటు రా. నాను సేత్తాను. ఇన్నాళ్ళై సేయించుకుంతన్నాను, నాకు రాదేటి?"

"వద్దయ్యా" అన్నాను.

"ఓలమ్మ, బయపడిపోతంది! రెండు సెకన్ల పని. కూకో."

నాను మా అత్త వైపు చూసేను. ఆయుష్షు తగ్గిపోద్దని మళ్ళీ కేకేస్తాదని ఒక ఆశ. జీవితంలో మొదటిసారి ఆ కేక కోసం ఎదురుచూసేను. మా అత్త కోడి ఎముక చప్పరించుకుంటా తీర్పు చెప్పింది.

"పట్టకూడదు గానీ ఇరిసీవొచ్చులే. ఇరవడం పట్టడం కాదు కదా."

రమణ పగలబడి నవ్వేడు. నన్ను పీట మీద కూర్చోబెట్టేరు. ఆయన వెనక నిలబడి ఒక చెయ్యి గడ్డం కింద పెట్టేడు, రెండోది నడినెత్తి మీద పెట్టేడు. చేతులు కోడికూర వాసనేస్తన్నాయి. "కదలకే" అన్నాడు. కుడివైపు టక్కుమంది. "అదిరిపోనాది బావా!" అని రమణ చప్పట్లు కొట్టేడు. ఆ చప్పట్లకి ఆయన ఊపు పెరిగింది. ఎడంవైపు ఇంకా గట్టిగా తిప్పేడు.

ఈసారి శబ్దం బయటోళ్ళకి మొదటిదాని లాగే వినపడి ఉంటాది. నాకు లోపల్నించి వినపడింది. చెరుకు గెడ మోకాలికి పెట్టి విరిస్తే వచ్చే శబ్దం. గది గిర్రున తిరిగింది. ఆయన పాదాల మీదే కక్కేసేను.

"తిన్నది అరగనేదు" అంది మా అత్త. "కూరలో కారం ఎక్కువేసినాది. సెప్తే ఇంతాదా?"

సాయంకాలానికి భుజం నించి మోచేతి మీదగా బొటనవేలి దాకా కరెంటు పాకినట్టు పాకింది. మర్నాడు పొద్దున్న సూది తీస్తే చేతిలో నిలవలేదు. మళ్ళీ తీసేను, మళ్ళీ పడింది. కుడిచెయ్యి బొటనవేలు, చూపుడువేలు నావి కానట్టు ఉన్నాయి. మగ్గం ముందర కూర్చొని పిచ్చిదానిలాగ సూది పడెయ్యడం, ఏరుకోడం, పడెయ్యడం. మా ఆయన గుమ్మంలో నిలబడి చూసేడు. ఆ ముఖంలో భయం కనపడింది. నాకేమైపోద్దోనని కాదు, ఆ భయం ఎవరికోసమో తర్వాత తెలిసింది.

ఆసుపత్రిలో బెంచీల మీద పొద్దుపోయేదాకా కూర్చున్నాం. ఎదురుగా ఒక పెద్దాయన కాలికి కట్టుతో, ఆయన భార్య ఆయన నోట్లో ఇడ్లీ ముక్కలు పెడతంది. మా ఆయన ఫోన్లో క్రికెట్ చూస్తన్నాడు. చివరికి డాక్టరు గారు లోపలికి పిలిచి స్కాన్ ఫోటో చూసి, మెడలో రెండు ఎముకల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ బయటికి జరిగి నరాన్ని నొక్కుతందని చెప్పేరు. "ఎలా అయింది? పడ్డారా? ఎవరైనా మెడ తిప్పారా?"

నాను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నాడు. "లేదు సార్. తలగడ సార్. ఎత్తు తలగడ ఏసుకుంటాది. ఎన్నిసార్లు సెప్పినా ఇనదు సార్."

అప్పుడే ఎందుకు చెప్పలేదని మీరు అడగొచ్చు. మాట గొంతు దాకా వచ్చింది. ఆయన బల్ల కింద నా కుడిచెయ్యి పట్టుకొని నొక్కుతన్నాడు, చెప్పొద్దని. ఎంత గట్టిగా నొక్కుతన్నాడో కళ్ళతో చూస్తే గానీ నాకు తెలీలేదు. ఆ వేళ్ళకి ఏమీ తెలవడం లేదు. అది చూడగానే నా కోపం చల్లబడి, గడ్డకట్టింది. ఈ మాట నాను చెప్పకూడదనుకున్నాను. చేసినోడే తన నోటితో చెప్పాల, వాళ్ళమ్మ ముందర చెప్పాల. నాకు చెయ్యి రావడం ఎంత ముఖ్యమో ఈ మాట రావడమూ అంతే ముఖ్యమైపోయింది.

డాక్టరు గారు మెడపట్టీ రాసేరు, మందులు రాసేరు. లేవబోతా ఇంకోమాట అన్నారు. "ఎవరి చేతా మెడ విరిపించుకోకండి. ఇంకాస్త అటూ ఇటూ అయితే మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం చిరిగిపోతుంది. మనిషి మంచానికే." మా ఆయన చాలా శ్రద్ధగా తలూపేడు.

శ్రావణమంతా మెడపట్టీలోనే. ఊర్నించి, గాజువాక నించి చుట్టాలు వరసగా పరామర్శకి వచ్చేరు. మా ఆయన గుమ్మంలోనే కథ చెప్పి లోపలికి పంపేవాడు. వచ్చినోళ్ళు వచ్చినట్టు నన్ను చూసి తిట్టేవాళ్ళు. "రాణీగారిలాగ ఎత్తు తలగడ ఎందుకమ్మా నీకు?" "ఈ కాలం ఆడోలకి సుకం ఎక్కువైపోనాది." తిట్టి ఊరుకున్నారా, తలగడలు తెచ్చేరు. మా ఆడపడుచు బూరుగుదూది తలగడ తెచ్చింది. రమణ పెళ్ళాం మధ్యలో గుంట ఉన్న నురగ తలగడ తెచ్చింది. ఎవరో ఆవాలు నింపిన చిన్న తలగడ తెచ్చేరు, అది పసిపిల్లలకి వేసేది. జన్మలో తలగడ ఎరగని నా మంచం నిండా తలగడలే. మెడ తిప్పలేక, నవ్వలేక, వాటి మధ్య బొమ్మలాగ కూర్చునేదాన్ని. ఆ నురగది బాగుందని మా ఆయన పట్టుకుపోయేడు.

రమణ పెళ్ళాం మంచం పక్కన కూర్చొని మాటల్లో ఒక సంగతి అనేసింది. "అన్నయ్య ఇప్పుడు సెలూన్లో మెడ ముట్టుకోనివ్వట్లేదంట కదా వదినా? మావోడు సెప్పినాడు. కటింగొక్కటే సాలు, మెడ జోలికి రాకని అరిసినాడంట." నా మెడ దగ్గర తలగడ కథ నమ్ముకున్న మనిషి, తన మెడ దగ్గర డాక్టరు మాట నమ్మేడు.

ఎర్ర జాకెట్ ఇచ్చినావిడ వచ్చి సగం కుట్టిన బట్ట విప్పించుకొని పోయింది. ఆవిడ తప్పేమీ లేదు, పెళ్ళి ఆగదు కదా. పోతా పోతా "ఈ ఆఖరి నెమలి వంకరగా వచ్చిందమ్మా" అంది. వంకరగానే వచ్చింది. అది కళ్ళ ముందర మిణుగురులొచ్చిన రోజు కుట్టిన నెమలి. ఖాళీ మగ్గం కర్రల మీద మా అత్త తడిబట్టలు ఆరేసింది. వానాకాలం, ఎక్కడ ఆరేస్తాదిలే అని నాకు నానే చెప్పుకున్నాను. ఆయన యూనిఫారం నీళ్ళు బొట్టు బొట్టుగా నా పూసల డబ్బాలో పడేవి. లేచి తీద్దామంటే చెయ్యి ఎత్తలేను. మెడపట్టీ వేసుకున్న అన్నాళ్ళలో నాకు ఏడుపొచ్చింది ఆ ఒక్కదానికే.

దసరా అయ్యేక మెడపట్టీ తీసేసి, కూర్మన్నపాలెంలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్కి పొమ్మన్నారు. మెడకీ భుజాలకీ మర్దన, చిన్న చిన్న కసరత్తులు, వారానికి మూడు రోజులు. మా ఆయన బండి మీద దింపి, బయట టీ బండి దగ్గరే ఉండిపోయేవాడు.

అక్కడి బెంచీ మీద నాకు నూకాలు కలిసింది. యారాడలో చేపలమ్మే మనిషి. తట్ట నెత్తిన మోసి మోసి మెడ అరిగిపోయింది. మొదటిరోజు నా వైపు ఎగాదిగా చూసింది.

"ఏటే, జుట్టలాగున్నాది? పిచ్చుక గూడెట్టినాదా?"

చెయ్యి పైకి లేవడం లేదు, జడ వేసుకోలేను, చెప్పేను. ఇంట్లో ఇంకెవులూ నేరా అని అడిగింది. అత్త ఉందని చెప్పేను. నూకాలు "ఇటు తిరుగు" అని నన్ను పక్కకి తిప్పి, బెంచీ మీదే చిక్కు తీసి, నొప్పి తగలకుండా పాయలు చేసి గట్టిగా జడ అల్లేసింది. దాని చేతులు ఎంత కడిగినా చేపల వాసనే. ఆ జడ రెండు రోజులు విప్పలేదు నాను. మా అత్త ముక్కు మూసుకున్నా విప్పలేదు.

జడ అల్లుతా అడిగింది. "మెడకేటైనాది?"

మొత్తానికి ఒక్క మనిషికి చెప్పేను. దానికి చెప్తే పరవాలేదనిపించింది.

"మొగుడు మెడిరిసీసినాడా?" అని నూకాలు పకపకా నవ్వింది. క్లినిక్కంతా తిరిగి చూసింది. "అదురుట్టమంతురాలివే. మా ఆడు కాళ్ళిరిసీవోడు. సచ్చినాడులే." నాకూ నవ్వొచ్చేసింది. అన్నాళ్ళలో నొప్పి లేకుండా నవ్వింది అప్పుడే.

మర్దన చేసే అమ్మాయి పేరు సుజాత. రాజమండ్రి వైపు మనిషి, మాటకోసారి అండీ అంటాది గానీ చేతిలో జాలి లేదు. ముందు వేడి సంచీ పెట్టి కండ మెత్తబడనిచ్చేది. తర్వాత బొటనవేలు మెడ పక్కన దింపి, గట్టిపడిపోయిన చోటు వెతికి, అక్కడే ఆపి పట్టుకునేది. ప్రాణం పోయేది. ఏడిస్తే "ఏడవండి ఏడవండి, మా దగ్గర మొహమాటం లేదండి" అనేది. కాసేపటికి ఆ గడ్డ ఉప్పు కరిగినట్టు కరిగేది. నుదుటి చుట్టూ తాడు ఒక చుట్టు వదులయ్యేది. లేచి కూర్చుంటే, తల ఇంత తేలికగా ఉంటాదా, మిగతావాళ్ళందరికీ రోజూ ఇలాగే ఉంటాదా అని ఈర్ష్య వేసేది.

ఒకరోజు నా వేళ్ళు చూస్తా అడిగింది. "తలగడ అని రాశారండి ఇక్కడ. తలగడ ఇంత పని చెయ్యదండి. ఎవరు తిప్పారు?"

"మా ఆయన్నే అడగండి" అన్నాను.

నిజంగానే పిలిపించింది. ఆయన టీ గ్లాసు చేత్తోనే వచ్చేడు. అడిగితే "తలగడేనండి" అన్నాడు, కళ్ళు నేల మీద. సుజాత ఊరుకోలేదు. "సరేనండి. ఆ తలగడ చేసినదానికి మీరు రోజూ ఇంట్లో కాసేపు మర్దన చెయ్యాలి. రండి, చూపిస్తాను. ఇక్కడ వేలు పెట్టండి. మెల్లగా. తిప్పడం మాత్రం కాదు" అంది. ఆయన వేలు పెట్టలేదు. "ఇంట్లో మాయమ్మ ఉంటాదండి" అన్నాడు. ఆ అమ్మాయికి ఆ జవాబు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

మర్నాడే ఆన్‌లైన్లో మర్దన మిషన్ ఒకటి బుక్ చేసేడు, నాకోసమని. వచ్చింది. ఎలాగ పనిచేస్తాదో చూద్దామని తన మెడకి తగిలించుకున్నాడు. ఆ మిషన్ మళ్ళీ నా మెడ మొహం చూళ్ళేదు. రోజూ మధ్యాన్నం ఆయన కుర్చీలో, మెడ మీద అది గుర్రుమంటా, కింద ఆయన గుర్రుమంటా. నాను గోడకి ఆనుకొని నిలబడి గడ్డం లోపలికి లాక్కుంటా, వదుల్తా, సుజాత చెప్పిన కసరత్తు చేసుకునేదాన్ని. అది చూసి మా అత్త "కోడి మేత మింగినట్టున్నాది" అనేది.

వేళ్ళు మెల్లగా వచ్చేయి. ముందు చింతపిక్కలు పళ్ళెంలో పోసుకొని ఏరేదాన్ని. తర్వాత మిరియాలు, తర్వాత పూసలు. మొదటి పూస సూదికి ఎక్కి, జారకుండా నిలిచిన రోజు మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. క్లినిక్కి పోయి నూకాలుకి చెప్పేను. అది నా బుగ్గ గిల్లింది, చేపల వాసన.

కార్తీకంలో సుజాత తన రెండు వేళ్ళు నా చేతికిచ్చి నొక్కమంది. నొక్కేను. "అమ్మో, వదలండి, వదలండి!" అంది. ఇక మర్దనకి అప్పుడప్పుడూ వస్తే చాలు, మగ్గం ఎత్తు పెంచుకోండి, మధ్యమధ్య లేవండి అని చెప్పి పంపింది.

ఇంటికొచ్చేసరికి నా మగ్గం మీద గుడ్డ పరిచి మా అత్త గుమ్మడి వడియాలు పెడతంది. ఎండ బాగా పడతాదని దాన్ని వరండాలోకి ఈడ్చుకుంది. మా ఆయన పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి బనీనుతో ఉన్నాడు.

"సెయ్యి బాగైపోనాదంట కదా" అన్నాడు. "మిషన్ వల్ల అవడం నేదే పైడీ. నీ సెయ్యి పడాల." నూనె గిన్నె తనే వెచ్చబెట్టుకొని తెచ్చేడు. వరండాలోనే నా ముందర పీట వేసుకొని, నాకు వీపు చేసి కూర్చున్నాడు. నొప్పి తగ్గిందా అని కాదు, అన్నం తిన్నావా అని కాదు. చెయ్యి బాగైంది కదా, అంతే.

సరేనని మొదలుపెట్టేను. నూనె రాసేను. సుజాత నాకు చేసినట్టే గట్టిపడ్డ చోటు వెతికి బొటనవేలితో పట్టేను. నిజంగా నొప్పి ఉన్న మెడే. "అబ్బ, అదీ" అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. భుజాలు దిగిపోయేయి, తల నా చేతుల్లోకి బరువుగా వచ్చింది.

అప్పుడు ఎడంచెయ్యి గడ్డం కిందకి పోనిచ్చేను. కుడిచెయ్యి నడినెత్తి మీద పెట్టేను.

"కదలకయ్యా" అన్నాను.

ఆయన ఊపిరి ఆగిపోయింది. నా అరచేతికి తెలిసింది.

"పైడీ. ఏటి సేత్తన్నావే?"

"సెలూన్లో సేసినట్టే. రెండు సెకన్ల పని. సగం పేనం లేసొత్తాది."

"వద్దే."

"ఎందుకొద్దు? నాకు రాదేటి అని నువ్వే అన్నావు కదా. నాకూ వచ్చులే, సేయించుకున్నదాన్ని కదా." గడ్డం కొంచెం పక్కకి తిప్పేను. వడ్లగింజంత. నా వేళ్ళకి ఇప్పుడు అన్నీ తెలుస్తన్నాయి. ఆయన గొంతులో నరం కొట్టుకోడం, నూనె, చెమట, అన్నీ.

మా అత్త వడియాల పిండి చేత్తోనే తిరిగి చూసింది. "ఓలమ్మో! ఏటే అది? ఆడి మెడొదిలీ!"

"పట్టకూడదు గానీ ఇరిసీవొచ్చని నువ్వే కదత్తా తీర్పు సెప్పినావు" అన్నాను. "ఏవయ్యా. నా మెడెలగ పోనాది?"

ఇంకో గింజంత తిప్పేను.

"నానే" అన్నాడు. గొంతు పిల్లి కూనలాగ వచ్చింది. "నానేనే. నానే తిప్పీసేను."

"మీ అమ్మకి ఇనపడ్డం నేదు."

"నానేనే అమ్మా! తలగడ కాదు! నానే తిప్పీసేను దాని మెడ! సెప్తే ఏటంటారోనని తలగడని సెప్పీసేను! వదిలీ పైడీ, నీకు దండవెడతాను, వదిలీ!"

పక్క క్వార్టరు వరండాలో బట్టలు తీస్తన్నావిడ కూడా ఆగిపోయింది. ఇంక వినాల్సినోళ్ళు ఎవరూ మిగల్లేదు. వదిలేసేను. ఆయన పీట మీంచి ముందుకి తూలి, రెండు చేతులతో తన మెడ తను పట్టుకొని, అలాగే కూర్చుండిపోయేడు. నూనె చేతులు ఆయన బనీనుకే తుడిచేను. తర్వాత వెళ్ళి మగ్గం మీద గుడ్డ నాలుగు కొసలూ పట్టి, వడియాలతో సహా ఎత్తి మా అత్త ఒళ్ళో పెట్టేను. ఆవిడ దగ్గర మాట లేకపోడం నాను చూడ్డం అదే మొదలు.

ఇది చదివే ఆడోళ్ళకీ మొగోళ్ళకీ ఒకటే చెప్తాను. మెడ బిగుసుకుపోతే తెలిసినోళ్ళ చేత మర్దన చేయించుకోండి, ఏడుపొస్తే ఏడవండి, పని మధ్యలో లేచి తిరగండి. టక్కుమనిపిస్తానని ఎవరొచ్చినా, మొగుడే వచ్చినా, తల ఇవ్వకండి.

మర్నాడు మా ఆయన కంచం ముందర కూర్చొని, అన్నం కలపకుండా అడిగేడు. "నిజంగా తిప్పీదువేటే?"

"ఏమో" అన్నాను. పప్పు వడ్డించేను.

దాచడం ఎందుకు, నాకూ తెలీదు. చేతిలో బలం ఉంది, అదొక్కటే తెలుసు.

ఇప్పుడు మర్దనకి ఆయన సుజాత దగ్గరికే పోతాడు, నూకాలు పక్కన బెంచీ మీద కూర్చుంటాడు. నా మగ్గం ఎత్తు పెంచేను, మళ్ళీ నెమళ్ళు కుడతన్నాను, బూరుగుదూది తలగడ వేసుకొని పడుకుంటన్నాను. ఇంట్లో ఆయన అన్నం తిన్నా, టీవీ చూసినా, గోడకి ఆనుకొనే కూర్చుంటాడు. నాకు వీపు చేసి మాత్రం ఇంతవరకూ కూర్చోలేదు.